నాలుగున్నరకు లేచినా పనులు తెమలడం లేదు

ప్రశ్న: నా వయసు 41. పల్నాడు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మావారిది బ్యాంకు ఉద్యోగం. పాప పదో తరగతి, బాబు ఆరో తరగతి. అత్తగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాత్రి పదకొండున్నర దాకా నడుం వాల్చకపోయినా పనులు తెమలడం లేదు. మొన్న కరెంటు బిల్లు గడువు దాటిపోయింది, పాప పరీక్ష ఫీజు సంగతి మరిచాను. పిల్లల మీద అరిచి, తర్వాత బాధపడుతున్నాను. టైమ్‌టేబుల్ రాసుకుంటే రెండు రోజులకే చెదిరిపోతోంది. నా దినచర్య రాసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన దినచర్యను రెండుసార్లు చదివాను. అందులో మీరు తప్ప మరొకరు చేయలేని పనులు నాలుగైదుకు మించి లేవు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో పాఠం ముగించగల మీకు సమయపాలన తెలియదని ఎవరూ అనలేరు. నలుగురు పంచుకోవలసిన పనులను ఒక్కరి పేరు మీదే వరుసగా రాసుకోవడం వల్ల ఆ టైమ్‌టేబుల్ నిలవడం లేదని నాకు అనిపిస్తోంది.

ఈ కష్టం చాలా ఇళ్లలో ఉన్నదే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. 2019లో ఆ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఇద్దరి పనీ కొంత తగ్గినా మధ్యనున్న తేడా అలాగే మిగిలింది. పైగా గుర్తుపెట్టుకునే శ్రమ ఈ నిమిషాల్లో కనిపించదు. కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ దాని గడువును నెలంతా మనసులో మోస్తున్నది మీరే.

మీ ఉదయాన్నే తీసుకుందాం. ఒక పొయ్యి మీద కుక్కరు, రెండో దాని మీద ఇడ్లీ పాత్ర, మధ్యలో అత్తగారికి ఇన్సులిన్, బాబు సాక్సుల వెతుకులాట, నాలుగు క్యారేజీలు, రెండు రకాల పచ్చళ్లు. ప్రతి పనినీ “ఈ రోజు ఇది జరగకపోతే ఎవరికి నష్టం?” అని అడిగి చూడండి. ఇన్సులిన్ తీసుకున్నాక తినడం ఆలస్యమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, వైద్యులు చెప్పిన వేళకు ఇంజెక్షన్, ఆ వెంట ఆమె ఆహారం తప్పనిసరి. మీరు వేళకు బడికి చేరి యాప్‌లో హాజరు వేయడమూ అంతే. రెండో పచ్చడి లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. సాక్సులు, పుస్తకాల సంచి రాత్రే సర్దుకోవడం ఆరో తరగతి పిల్లవాడు చేయగల పనే. మగపిల్లవాడని దయచేసి మినహాయించకండి.

మీవారిని “కాస్త సాయం చేయండి” అని అడగవద్దు, ఎందుకంటే అలా అడిగినప్పుడు పని మీదిగానే ఉండిపోతుంది. బిల్లులు, ఫీజులు, అత్తగారి మందులు, పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకునే బాధ్యతతో సహా ఆయనకే అప్పగించండి. కోపంగా ఉన్న వేళ కాకుండా, ఆదివారం తీరిగ్గా కూర్చున్నప్పుడు నాకు పంపిన ఈ దినచర్యనే ఆయన ముందు పెట్టండి. తన తల్లికి సంబంధించిన పని తాను చూసుకోవాలని ఆయనకు తోచకపోదు. మొదట్లో ఆయన ఒక బిల్లు మరిచిపోవచ్చు. అపరాధ రుసుము పడినా సరే, మీరు అందుకుని కట్టేయకండి. మందుల విషయంలో మాత్రం ఓ నెలపాటు మీరూ ఓ కన్నేసి ఉంచండి.

ఇక టైమ్‌టేబుల్ స్థానంలో, రాత్రి పడుకునే ముందు మర్నాటికి తప్పనిసరైన మూడు పనులు మాత్రమే రాసుకోండి. ఇలా మిగిలిన సమయాన్ని మరో పనికి ఇవ్వకుండా ముందుగా నిద్రకు ఇవ్వండి. మీ లెక్క ప్రకారం మీరు నిద్రపోతున్నది అయిదు గంటలే, పెద్దవారికి కనీసం ఏడు గంటలు కావాలి. పిల్లల మీద అరవడానికి మీ స్వభావం కంటే ఈ నిద్రలేమే ఎక్కువ కారణమై ఉండవచ్చు. అరిచిన రోజున “అలసిపోయి అరిచాను, తప్పు నాదే” అని పాపతో చెప్పడానికి సంకోచించకండి.

రెండు వారాలు గడిచినా ఏడుపు ఆగకపోవడం, గుండెదడ, పడుకున్నా నిద్ర పట్టకపోవడం వంటివి ఉంటే వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.