నడవగలను, నిలబడలేను అని ఎవరైనా చెబితే

చిరంజీవి అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

న్యూరాలజీ ఓ.పి.లో కూర్చోవడం మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పక్షవాతం, ఫిట్స్, పార్కిన్సన్స్ గురించి నీకు చెప్పేవాళ్ళు అక్కడే బోలెడంతమంది ఉంటారు. నేను ఒక్క జబ్బు గురించే రాస్తాను. దాని పేరు ఆర్థోస్టాటిక్ ట్రెమర్, అంటే నిలబడినప్పుడు కాళ్ళలో వచ్చే సన్నటి వణుకు. నీ సర్వీసు మొత్తం మీద పట్టుమని పదిమంది కూడా తగలకపోవచ్చు. కానీ తగిలిన ఆ కొద్దిమందిని నువ్వు పోల్చుకోకపోతే, వాళ్ళు ఫైళ్ళు చంకన పెట్టుకుని ఏళ్ళ తరబడి డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. నేను ఒకావిడను అలాగే తిప్పాను.

ఆవిడ స్కూల్ టీచరు. యాభై అయిదేళ్ళుంటాయి. "ప్రార్థనలో నిలబడలేకపోతున్నానండీ, జనగణమన అయ్యేలోపు పడిపోతానేమోనని భయమేస్తోంది" అని చెప్పింది. జాతీయగీతం పాడటానికి పట్టేది 52 సెకన్లు. మనిషి చూడటానికి గట్టిగా ఉంది, చకచకా నడిచి లోపలికి వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి చూశాను. కాళ్ళలో బలం బాగుంది, రిఫ్లెక్సులు బాగున్నాయి, స్పర్శ బాగుంది. మెదడు స్కానింగ్ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని ఓ మాత్ర రాసి పంపించేశాను. నిలబడితేనే బాధ అని ఆవిడ అంత స్పష్టంగా చెబితే, ఒక్క నిమిషం నిలబెట్టి చూడాలని నాకు తోచలేదు. దానికి ఇప్పటికీ బాధపడతాను.

నాలుగేళ్ళ తర్వాత భర్తను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి నిలబెట్టాను. చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని నిలబడింది. మొదట ఏమీ లేదు. కాసేపటికి కాలివేళ్ళు నేలను పట్టుకోవడం మొదలుపెట్టాయి. పాదాలు ఎడంగా జరిపింది. బరువు ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద వేస్తోంది. తనకు తెలియకుండానే చేయి వచ్చి నా టేబుల్ అంచును పట్టుకుంది. కంటికి వణుకంటూ పెద్దగా కనిపించలేదు. వంగి చూస్తే మోకాలి చిప్ప పైన కండ మీద, నీళ్ళ మీద గాలి పాకినట్టు సన్నటి అల. పిక్క మీద అరచెయ్యి ఆనించాను. ఇంజన్ ఆపకుండా స్టాండులో నిలబెట్టిన బస్సు రేకు మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుంది? అలా ఉంది.

నువ్వూ అలాగే చెయ్యి. నిలబెట్టు, పట్టుకోవడానికి ఏమీ ఇవ్వకు, నువ్వు మాత్రం చేతికందే దూరంలో ఉండు. కొందరికి సెకన్లలోనే మొదలవుతుంది, కొందరికి నిమిషాలు పడుతుంది, కాబట్టి తొందరపడకు. రెండు పిక్కలు, తొడలు చేత్తో పట్టి చూడు. తర్వాత ఫ్యాను ఆపించి, స్టెత్ పిక్క మీద పెట్టు. దూరంగా ఆకాశంలో హెలికాప్టర్ వెళ్తున్నట్టు డబడబమనే చప్పుడు వినిపిస్తుంది. పీటర్ బ్రౌన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు 1995లో ఈ సంగతి రాశాడు. అప్పటి నుంచి దాన్ని హెలికాప్టర్ సైన్ అంటున్నారు. వింటూ ఉండగానే కూర్చోమను. చప్పుడు ఆగిపోవాలి.

అంతకంటే ముందు మాటలు విను. ఈ జబ్బున్నవాళ్ళు "వణుకు" అని చెప్పడం తక్కువ. "తూలు వస్తోంది", "కాళ్ళల్లో కరెంటు పాకుతున్నట్టుంది", "కాళ్ళు నావి కానట్టున్నాయి", "నరాల వీక్‌నెస్" అంటారు. అప్పుడు రోజు ఎలా గడుస్తుందో అడుగు. రేషన్ షాపు క్యూలో ఏం చేస్తారు? పొయ్యి దగ్గర ఎంతసేపు ఉండగలరు? పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వరసలో నిలబడతారా? ఎవరైనా దారిలో ఆపి పలకరిస్తే? ఒకాయన నాతో అన్నాడు, "రెండు కిలోమీటర్లు నడుస్తా సార్, మధ్యలో ఎవరూ పలకరించకుండా ఉంటే చాలు" అని. ఆ ఒక్క మాటలో జబ్బు మొత్తం ఉంది. నడిస్తే తగ్గుతుంది, కూర్చుంటే పోతుంది, గోడకు ఆనుకుంటే నయం. ఒకేచోట కదలకుండా నిలబడటమే నరకం.

మేం చదువుకున్నప్పుడు ఇది మాకు పాఠంలో లేదు. ఇటలీ డాక్టర్లు 1970లోనే ఇలాంటివాళ్ళ గురించి రాశారు గానీ, పేరు స్థిరపడింది 1984లో, అమెరికాలో కెన్నెత్ హైల్మన్ ముగ్గురు రోగుల గురించి రాసినప్పుడు. ఎక్కువగా యాభై, అరవై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. ఆ వయసు ఆడవాళ్ళు ఏం చెప్పినా "గాభరా" అని కొట్టేసే అలవాటు మన ఓ.పి.ల్లో ఉంది. నువ్వు ఆ అలవాటు చేసుకోకు.

పొరపడే చోట్లు కొన్ని చెబుతాను. నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంటే ముందు బి.పి. చూడు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో. పై అంకె 20 పాయింట్లు గానీ కింది అంకె 10 పాయింట్లు గానీ పడిపోతే అది నిలబడగానే బి.పి. తగ్గే జబ్బు, దాని దారి వేరు. రాత్రి పడుకున్నాక కాళ్ళు లాగుతున్నాయి, లేచి తిరిగితే హాయిగా ఉంది అంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే వేరే జబ్బు. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు, సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు, కంటికి కనిపించేలా ఉంటుంది. అయితే కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, కాబట్టి నడకలో చేతులు ఊగుతున్నాయో లేదో, మనిషి మందకొడిగా ఉన్నాడో చూడటం మానకు. మొదట్లోనే మాటిమాటికీ కింద పడుతుంటే మాత్రం నీ రోగనిర్ధారణను నువ్వే అనుమానించు. వీళ్ళకు పడతామనే భయం ఎక్కువ, పడటం తక్కువ. థైరాయిడ్, బి12 ఎలాగూ చూస్తావు.

ఖాయం చేసేది ఈఎంజీ, అంటే కండరాల్లోని కరెంటును గీతలుగా తీసే పరీక్ష. ఇక్కడే ఒక చిక్కుంది. ఊరికే ఈఎంజీ అని రాసి పంపిస్తే పడుకోబెట్టి చేస్తారు, నార్మల్ అని వస్తుంది, ఆ కాగితం చూసి తర్వాతి డాక్టరు కూడా టెన్షన్ అంటాడు. చర్మం మీద అంటించే ఎలక్ట్రోడ్లు రెండు కాళ్ళకూ పెట్టి, నిలబెట్టి తీయాలని టెక్నీషియన్‌కు నువ్వే వెళ్ళి చెప్పు. సెకనుకు 13 నుంచి 18 సార్లు, గడియారం కొట్టినట్టు, రెండు కాళ్ళలో ఒకే లయలో వస్తుంది. అంతకంటే నెమ్మదిగా వస్తే ఇంకా వెతకాలి. ఆ గీతలు ఇంట్లోవాళ్ళకు కూడా చూపించు. కావాలని ఎవరూ సెకనుకు పదిహేనుసార్లు కాలు వణికించలేరని చెప్పు.

మందులతో పూర్తిగా పోదు, ఆ మాట ముందే చెప్పు. క్లోనజెపామ్ తక్కువ మోతాదులో మొదలుపెడతారు, గాబాపెంటిన్ కొందరికి పనిచేస్తుంది. పెద్దవయసు వాళ్ళు, మందు మత్తులో తూలి కింద పడకుండా చూసుకో. ఏ మందూ పనిచెయ్యని కొద్దిమందికి మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టే ఆపరేషన్ చేసినవాళ్ళున్నారు. నాకు తెలిసి ఇంట్లో ఎక్కువ పనికొచ్చేది ప్లాస్టిక్ స్టూలు. వంటింట్లో ఒకటి, బాత్‌రూమ్‌లో ఒకటి. బయటికి వెళ్తే మడతపెట్టే స్టూలు. ఆఫీసుకో స్కూలుకో చూపించుకోవడానికి జబ్బు పేరు, కూర్చోనివ్వాలన్న మాట తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వు.

ఆ రోజు స్టెత్ నా చెవుల్లోంచి తీసి ఆ టీచరు చేతికే ఇచ్చాను. గోడను ఒక చేత్తో పట్టుకుని విన్నది. చాలాసేపు విన్నది. "ఇదేనండీ, ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఇదే" అంది. తర్వాత భర్తకు ఇచ్చింది. ఆయన నేల మీద మోకాలు ఆనించి, ఆవిడ పిక్క మీద స్టెత్ పెట్టి విన్నాడు. ఏమీ అనలేదు. లేచి, పక్కనున్న కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపాడు.

ఆశీస్సులతో,
మామయ్య