బ్రహ్మానందం నిజంగానే తెలుగు లెక్చరరా?

అవును, సినిమాల్లోకి రాకముందు బ్రహ్మానందం పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశారు. పాఠం చెప్పాలన్నా, స్టేజీ మీద ఒక్కరే నిలబడి నవ్వించాలన్నా మాట విరుపు కావాలి, ఎదుటివాళ్ల ముఖం చూసి ఎక్కడ ఆగాలో తెలియాలి. పైగా ఆయన మిమిక్రీ కూడా చేసేవారు. అందుకే ఆ మలుపు నాకు వింతగా అనిపించదు. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ (1987)లో అరగుండు పాత్రే చూడండి: పిసినారి యజమాని దగ్గర ఇరుక్కుపోయిన పనివాడి ఉక్రోషాన్ని ఆ విరుపుతోనే అద్భుతంగా పండించారు.

అత్తిలిలో ఉద్యోగం చేశారు కాబట్టి ఆయన్ని గోదావరి జిల్లా మనిషే అనుకుంటారు చాలామంది. పుట్టింది మాత్రం అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతంలో.