సైకిలు మీద రాజమహేంద్రవరం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రాజమహేంద్రవరంలో పూర్వం నివసించిన ప్రముఖుల జాడలను సైకిలు మీద తిరిగి చూడటం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము కాకినాడలో ఉంటాము. తొమ్మిదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న మా పిల్లలిద్దరితో కలిసి డిసెంబరులో ఒక రోజంతా రాజమహేంద్రవరంలో సైకిళ్ల మీద తిరిగి, అక్కడి ప్రముఖుల ఇళ్లు చూడాలని ఉంది. నేను రాసుకున్న జాబితాలో ఇరవైకి పైగా పేర్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కరోజులో అన్నీ పూర్తవుతాయా? (ఒక ఉపాధ్యాయిని, కాకినాడ)

జవాబు: పూర్తవుతాయి కానీ ఏమీ చూసినట్లు ఉండదు. ముందుగా జాబితాను తగ్గించుకోండి. ఈ నగరంలో ఒక ప్రముఖుడి ఇల్లు చెక్కుచెదరకుండా నిలిచి, లోపలికి వెళ్లి చూసేందుకు వీలుగా ఉండటం చాలా అరుదు. మిగిలిన చోట్ల అపార్టుమెంటో, బట్టల దుకాణమో కనిపిస్తుంది. అందుచేత ఇళ్ల లెక్కను పక్కన పెట్టి, ఒకరితో ఒకరికి స్నేహమో, శిష్యరికమో, విరోధమో ఉన్న నలుగురైదుగురిని ఎంచుకుని, వారి మధ్య దారిని తొక్కడం మేలని నా అభిప్రాయం. పాత నగరంలో ఈ చోట్లన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. కారులో వెళితే ప్రతిచోటా ఆపుకొనే జాగా వెతుక్కోవడంతోనే పొద్దు గడుస్తుంది, నడిస్తే మధ్యాహ్నానికి పిల్లలు డీలా పడతారు. సైకిలుకు ఈ రెండు బాధలూ లేవు.

వంకాయలవారి వీధిలో ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటితో మొదలుపెట్టండి. ఇప్పుడది ప్రభుత్వ సంరక్షణలో ఉన్న స్మారక గృహం. 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్లోనే పుట్టిన పంతులుగారు 1881 డిసెంబరు 11 రాత్రి తొలి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. పోలీసు బందోబస్తు లేకుండా ఆ పెళ్లి జరిగే పరిస్థితి లేదు. నాలుగు రోజులకే రెండో వివాహం కూడా జరిగింది. పిల్లలకు ఈ సంగతులు ఇంటి దగ్గరే చెప్పి, ఆ తరువాత చుట్టుపక్కల వీధులలో సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లమనండి. ఒక ఇంట్లో మాట్లాడుకుంటే ఎదురింట్లో వినిపించేంత దగ్గరగా ఇళ్లుండే పాతపేటలో, ఊరంతా వెలివేసినా తలుపు తెరుచుకుని బతకడం ఎలాంటిదో అప్పుడు కొంత అర్థమవుతుంది.

అక్కడి నుంచి 1890లో ఆయన పూనికతో కట్టిన పురమందిరానికి, అంటే ఊరివారు టౌన్ హాలు అనే భవనానికి, వెళ్లి, ఆ తరువాత గౌతమీ గ్రంథాలయం చేరుకోండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉండండి. వడ్డాది సుబ్బారాయుడుగారి పేర వెలసిన వాసురాయ గ్రంథాలయమూ, కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి పేరుతో ముడిపడిన రత్నకవి గ్రంథాలయమూ కలిసి ఈ సంస్థ ఏర్పడింది. కొక్కొండవారు వీరేశలింగంగారికి పత్రికా రంగంలో పెద్ద ప్రత్యర్థి. కొక్కొండవారి పత్రిక ఆంధ్రభాషా సంజీవని, వీరేశలింగంగారి పత్రిక వివేకవర్ధని. వివేకవర్ధనిని ఎత్తిపొడవడానికి కొక్కొండవారు హాస్యవర్ధని తెస్తే, సంజీవనిని ఎత్తిపొడుస్తూ వీరేశలింగంగారు హాస్యసంజీవని తెచ్చారు. ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టడానికి పాటుపడిన నాళం కృష్ణారావుగారేమో వీరేశలింగంగారి అనుయాయి! ఇంటర్ చదివే మీ పెద్ద పిల్లవాడికి ఇరవై ఇళ్ల గుమ్మాలకన్నా ఈ తగవు ఎక్కువ గుర్తుండిపోతుంది.

తరువాతి మజిలీ కోటిపల్లి బస్టాండు దగ్గరి పాల్ చౌక్. 1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఈ ఊళ్లో ఉపన్యసించినప్పుడు తెలుగులోకి అనువదించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. భరతఖండాన్ని పాడియావుగా, హిందువులను లేగదూడలుగా, తెల్లవారిని గడుసు గొల్లవారిగా చెప్పిన ఆయన పద్యం ఆ సభలదే. చూపు ఆనని ఆ మనిషి ఆశువుగా చెప్పిన నాలుగు పాదాలు ఊరూరా పాకిపోయాయి. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టినదీ ఆ ఏడాదే. చౌక్‌లో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక కథంతా ముందే గ్రంథాలయంలో చెప్పేసి, ఇక్కడ రెండు నిమిషాలు ఆగి కదలండి.

మధ్యాహ్నం దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి కేటాయించండి. 1897లో పుట్టిన దామెర్ల 1925లో, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే, మశూచితో పోయారు. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా 1909లో ఈ ఊరికి వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించగా, ఆయన బొంబాయి వెళ్లి జె.జె. చిత్రకళా కళాశాలలో చదివారు. అడివి బాపిరాజుగారు కూడా అదే దొర శిష్యుడు. మందిరంలో నీటిరంగుల చిత్రాలకు బాగా దగ్గరగా నిలబడి చూడమని పిల్లలకు చెప్పండి. పల్చటి పూతలతో ఆయన తెచ్చిన చీరల మడతలు, ఒంటి రంగుల మెరుపు అచ్చులో రావు.

మ్యూజియంలకు, మందిరాలకు వారపు సెలవు ఉంటుంది కనుక రోజు ఖాయం చేసుకునే ముందు ఫోను చేసి కనుక్కోండి. కాకినాడ నుంచి సైకిళ్లు తెచ్చుకోవాలంటే రైల్వే పార్సెల్ ఆఫీసులో బుక్ చేయవచ్చు గాని, రాజమహేంద్రవరంలో బంధువులెవరైనా ఉంటే వారి సైకిళ్లు అడిగి, ముందురోజే గాలి, బ్రేకులు చూపించుకోవడం సుఖం.

ప్రశ్న: లండన్‌లో ప్రముఖులు నివసించిన ఇళ్లకు నీలిరంగు ఫలకాలు పెడతారని విన్నాను. మన దగ్గర అలాంటివి లేనప్పుడు ఫలానా వారు ఫలానా ఇంట్లో ఉన్నారని నిర్ధారించుకోవడం ఎలా? సైకిలు మీద వెళ్లి అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క ఇల్లు చూపిస్తున్నారు. (ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాదు)

జవాబు: ఫలకం ఉన్నంత మాత్రాన ఇల్లు నిలుస్తుందని అనుకోవద్దు. లండన్ పథకం 1866లో మొదలైంది. 1867లో తొలి ఫలకం పెట్టినది కవి బైరన్ పుట్టిన ఇంటికి. ఆ ఇంటిని 1889లో కూల్చివేశారు. అయితే అక్కడి నియమం ఒకటి మనకు పనికివస్తుంది. మనిషి పోయి కనీసం ఇరవై ఏళ్లయితేనే ఫలకం సంగతి ఆలోచిస్తారు, ఆ మనిషికీ ఆ కట్టడానికీ ఉన్న సంబంధాన్ని పత్రాలతో సరిచూస్తారు.

రాజమహేంద్రవరం విషయంలో మనకున్న గొప్ప సౌకర్యం ఇక్కడివారు ఆత్మకథలు రాసుకోవడం. వీరేశలింగం, చిలకమర్తి, టంగుటూరి ప్రకాశం, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగార్లు నలుగురూ రాశారు. వారు ఏ పేటలో ఏ సంవత్సరాలలో ఉన్నారో ముందు అందులో చూసుకుని, ఆ తరువాత పేటకు వెళ్లి అడగండి. ప్రకాశంగారు ఇక్కడ చదువుకుని, వకీలుగా పనిచేసి, బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లకముందే పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. అలాంటి మనిషి ఇళ్లు మారి ఉంటారన్నది సహజం, కనుక మీకు రెండు ఇళ్లు చూపించిన ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు.

నోటిమాటను ఎంతవరకు నమ్మాలనేది కాలాన్నిబట్టి ఉంటుంది. కవి మధునాపంతుల సత్యనారాయణశాస్త్రిగారు 1992 వరకు జీవించారు, కనుక ఆయనను చూసినవారు, ఆయన దగ్గర చదివినవారు నేటికీ ఉన్నారు. శ్రీపాదవారు 1961లోనూ, వీరేశలింగం ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పిన హాస్యరచయిత భమిడిపాటి కామేశ్వరరావుగారు 1958లోనూ పోయారు. ఎనభై దాటిన పెద్దవారెవరైనా వీరి గురించి చెబితే శ్రద్ధగా వినండి. అంతకుముందు వారి గురించి అరుగు మీద కూర్చున్నవారు చెప్పేది మూడో తరం మాట. దానిని పుస్తకంతో సరిచూసుకోనిదే ఎవరికీ చెప్పవద్దు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారు మైసూరు వెళ్లకముందు కొద్దికాలం ఇక్కడి ఆర్ట్స్ కళాశాలలో పనిచేసి వెళ్లిపోయారు. అటువంటివారి అద్దె ఇల్లు వెతకడం వృథా, కళాశాల చూస్తే చాలు.

ఇంకొక మాట. ఇప్పుడు ఆ ఇళ్లలో కాపురం ఉంటున్నవారికి మన చరిత్రాభిమానంతో పనిలేదు. అడగకుండా గేటు తీయడం, ఫొటోలు తీయడం మర్యాద కాదు.

ప్రశ్న: నన్నయ ఇల్లు ఎక్కడ ఉండేది? మా అబ్బాయి అడుగుతున్నాడు. (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: నన్నయ 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఉన్నవారు. ఆయన ఇంటి జాడ అని చూపించదగినది ఏదీ లేదు, చూపిస్తామన్నవారిని నమ్మవద్దు. అబ్బాయిని రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లండి. 1922లో ఇక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడినప్పుడు అందుకు పూనుకున్నవారిలో సుబ్బారావుగారు ఒకరు. ఆ కాలపు రాతి విగ్రహాలు, శాసనాలు దగ్గరగా చూడటానికి అదే తగిన చోటు.

ప్రశ్న: ఇలాంటి యాత్రలలో ఎప్పుడూ మగవారి పేర్లే ఉంటాయి. స్త్రీల జాడలు వెతుక్కుంటూ సైకిలు మీద వెళ్లాలంటే ఏ దారి పట్టాలి? (ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనదే. స్త్రీల పేర ఇళ్లు నిలవలేదు కనుక వారు నడిచిన దారులను వెతకాలి. మొదటి దారి వంకాయలవారి వీధి నుంచి గోదావరి రేవుకు. వితంతు వివాహాల కారణంగా వంటవారు, నీళ్లు మోసేవారు ఇంటికి రావడం మానేసినప్పుడు వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారికి వండిపెట్టారు. ఆ దారిని మీరు రెండు వైపులా తొక్కండి. వెళ్లేటప్పుడు ఏమీ తెలియదు. తిరిగివచ్చేటప్పుడు క్యారియరు మీద నిండు నీళ్ల బిందె ఒకటి కట్టుకుని వస్తే, దారి పొడవునా జనం చూస్తుండగా ఆమె రోజూ ఎన్నిసార్లు తిరిగి ఉంటారో అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఉపన్యాసాలు, వ్యాసాలు పంతులుగారివి. వాటి వెనుక జరిగిన చాకిరీలో పెద్ద వాటా ఆమెది. ఆమె 1910లో మరణించారు. ఆనందోద్యానంలో దంపతులిద్దరి సమాధులు ఉన్నాయి. ఈ దారి అక్కడ ముగించడం బాగుంటుంది.

రెండవది కేంద్ర కారాగారం. సహాయనిరాకరణ రోజులలో, 1922లో, ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మగారిని శిక్షపడిన తరువాత ఇక్కడ ఉంచారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లిన తొలి ఆంధ్ర మహిళగా ఆమెను చెప్పుకుంటారు. లోపలికి అనుమతి ఉండదు, బయటి రోడ్డు మీదుగా వెళ్లడమే. మూడవది దామెర్ల చిత్రకళా మందిరం. రామారావుగారి భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రకారిణులేనన్న సంగతి గుర్తుపెట్టుకుని ఆ మందిరం చూడండి, వారి చిత్రాల గురించి అక్కడివారిని అడగండి. పదిమంది అడిగితే గాని ఇలాంటివి గోడ మీదికి ఎక్కవు.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు. ధవళేశ్వరం దాకా సైకిలు మీద వెళ్లి కాటన్ దొర మ్యూజియం చూడాలని ఉంది. ఈ వయసులో వెళ్లగలనా? మ్యూజియం తప్ప అక్కడ ఇంకేమైనా ఉందా? (ఒక పాఠకుడు, రాజానగరం)

జవాబు: రోజూ కాస్తో కూస్తో సైకిలు తొక్కే అలవాటుంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం ఏడెనిమిది కిలోమీటర్లు, ఎక్కువ భాగం చదునైన దారి. మీ ఊరి నుంచి మాత్రం సైకిలు మీద బయలుదేరవద్దు. జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కడంలో చరిత్ర ఏమీ లేదు. నగరం వరకు బస్సులో వచ్చి, ఎవరిదైనా సైకిలు తీసుకుని, తెల్లవారుజామున గోదావరి గట్టు మీదుగా వెళ్లండి. వెడల్పాటి నది మీద గాలికి అడ్డు ఉండదు కనుక ఎదురుగాలి వీస్తే కిలోమీటరు రెండు కిలోమీటర్లలా అనిపిస్తుంది. అలాంటప్పుడు పంతానికి పోకుండా దిగి నడవండి.

1803లో పుట్టిన ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. మీరు ఇప్పుడు చూసే బ్యారేజీ అది కాదు, 1970వ దశకంలో నిర్మాణం మొదలై 1982 నాటికి పూర్తయినది. లంకల వల్ల నది పాయలుగా చీలే చోటు కావడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. మ్యూజియంలోని నమూనాలను ముందు చూసి ఆ తరువాత బ్యారేజీ దగ్గరికి వెళితే నీరు ఎటు మళ్లుతున్నదో తేలికగా తెలుస్తుంది. కాటన్ దగ్గర పనిచేసి, వేలాది కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు కూడా అక్కడ తలచుకోదగినది. దొర విగ్రహాలు జిల్లాలలో ఊరికొకటి ఉన్నాయి గాని, వీరన్నగారిని ఎరిగినవారు తక్కువ.

ఇక ధవళేశ్వరం అనగానే కాటన్ ఒక్కరే అనుకోవడం పొరపాటు. 1874లో వీరేశలింగంగారు అక్కడి ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్నారు. బాలికల పాఠశాల పెట్టినదీ, వివేకవర్ధని మొదలుపెట్టినదీ ఆ ఏడాది ఆ ఊళ్లో ఉండగానే. పత్రిక మొదట్లో మద్రాసులో అచ్చయి వచ్చేది, తరువాతనే ఆయన సొంత ముద్రణాలయం రాజమహేంద్రవరంలో పెట్టుకున్నారు. కనుక మ్యూజియం చూడటం అయ్యాక ఊరి పాత వీధులలో ఒక చుట్టు తిరిగి, పది గంటలలోపు తిరుగు ప్రయాణం కట్టండి. వేసవిలో అయితే ఈ ఆలోచన మానుకుని కార్తీకమాసం దాకా ఆగండి. టైరు పంచరైతే గట్టు మీద బాగుచేసేవారు దొరక్కపోవచ్చు, పంపు, అదనపు ట్యూబు వెంట ఉంచుకోండి.