రీఫ్ ట్యాంక్‌లో ఐప్టేసియా: పీకకండి, గీకకండి

మీ రీఫ్ ట్యాంక్‌లో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, మొలిచినవేమిటి, వాటిని ఎలా వదిలించుకోవాలి అని అడిగారు. మీ 40 గాలన్ల ట్యాంక్‌లో రాళ్ల సందుల్లో మొలిచినవి ఐప్టేసియాలే, అంటే కలుపులా వ్యాపించే ఒక రకం సీ అనిమోన్‌లు (పువ్వులా కనిపించే సముద్ర జీవులు). గోధుమరంగు కాడ, పైన మీసాల్లాంటి పొడుగాటి సన్నని టెంటకిల్స్, ముట్టుకోబోతే కన్నంలోకి సర్రున ముడుచుకుపోవడం, అన్నీ దాని లక్షణాలే. పట్టకారుతో పీకాక ఒకటి ఉన్నచోట నాలుగైదు వచ్చాయని రాశారు. పాదం నుంచి తెగిన చిన్న ముక్క రాయికి అంటుకుని ఉన్నా చాలు, అందులోంచి ఇంకో ఐప్టేసియా పెరుగుతుంది. అందుకే ఇక కోయడం, గీకడం పూర్తిగా మానేయండి.

రాయిని బయటికి తీసి మరిగే నీళ్లలో వేస్తే పోతుందా అని కూడా అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మీ దగ్గర జోఆంథిడ్స్ (గుంపులుగా పెరిగే, కోరల్స్ లాంటి జీవులు) ఉన్నాయి. వాటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలితోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అలాంటి రాళ్లు ఉడికించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. ఇంట్లో పిల్లలుంటే అసలు ఆ ఆలోచనే వద్దు.

డాలస్‌లో మా ట్యాంక్‌లోకి ఇది ఒక కోరల్ ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్కని అతికించి అమ్మే చిన్న దిమ్మ) అడుగున అంటుకుని వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నంతకాలం సున్నంతోనే నెట్టుకొచ్చాను. కాల్క్‌వాసర్ పొడి అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, మన కిళ్లీ సున్నం కూడా అదే. కానీ ట్యాంక్‌కి అక్వేరియం పొడే వాడండి. కాస్త ఆర్‌ఓ నీళ్లలో దోసెల పిండిలా కలిపి సిరంజిలోకి తీసుకోండి. పంపులన్నీ ఆపండి. సిరంజిని మెల్లగా దగ్గరికి తెచ్చి, అది ముడుచుకోకముందే నోటి మీద వదిలి, పైన పూర్తిగా కప్పేయండి. పదిహేను నిమిషాలాగి పంపులు వేయండి. ఒకేసారి ఎక్కువ వాడితే పీహెచ్ ఎగబాకుతుంది, కాబట్టి పూటకి నాలుగైదు చాలు. పక్కనున్న కోరల్ మీద పడకుండా చూసుకోండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

మీరు రాసినదాన్ని బట్టి మీ ట్యాంక్ ఆ దశ దాటిపోయింది. కనిపించేవాటిని చంపుతుంటే కనిపించనివి సందుల్లో పెరుగుతూనే ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే అయింది. ఐప్టేసియాని తింటాయని పెప్పర్‌మింట్ రొయ్యలు తెచ్చాను. షాపువాళ్లు ఆ పేరుతో ఇచ్చినవి కేమెల్ రొయ్యలు, అవి జోఆంథిడ్స్‌ని పీక్కుతినడం మొదలుపెట్టాయి. పెప్పర్‌మింట్‌కి పారదర్శకమైన ఒంటిమీద సన్నని ఎర్ర గీతలుంటాయి. ఎరుపు మీద కొట్టొచ్చినట్టు తెల్లటి చారలు, చుక్కలు, వీపు మీద మూపురం ఉంటే కేమెల్. తర్వాత అసలైనవి దొరికినా అవి చిన్నవాటినే తిన్నాయి. చేపలకి వేసే మేత దొరికితే ఐప్టేసియా వైపే చూడలేదు. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై కూడా తింటుంది గానీ, మీ సైజు ట్యాంక్‌లో ఆ చేపని పెట్టడం దానికి అన్యాయం.

చివరికి నా టెన్షన్ తీర్చినవి బెర్గియా నుడిబ్రాంక్‌లు. చిన్న సముద్రపు స్లగ్‌లివి. ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినవు, కోరల్స్ జోలికి రావు. ఒకటి రెండు కాదు, కనీసం అరడజను తెప్పించండి. లైట్లు ఆపాక, పంపులు ఆపి, ఐప్టేసియా గుంపుగా ఉన్నచోట పైపెట్‌తో వదలండి. పవర్‌హెడ్‌లకి (నీటిని తిప్పే పంపులు), ఓవర్‌ఫ్లోకి (నీళ్లు బయటికి పోయే చోటు) స్పాంజ్ కట్టండి, లేకపోతే అవి స్లగ్‌లని లాక్కుపోతాయి. స్లగ్‌లు రాత్రిపూటే తిరుగుతాయి కాబట్టి చాలా రోజులు మీకు కనిపించకపోవచ్చు, పని జరగడం లేదనిపించవచ్చు. రాళ్ల మీద తెల్లటి చుట్టల్లా గుడ్లు కనిపిస్తే అవి నిలదొక్కుకున్నట్టే. ఈలోగా ఇంకే మందూ వాడకండి, చేపలకి మేత తగ్గించండి. మిగిలిన మేత తిని ఐప్టేసియా కూడా బలుస్తుంది.

మొత్తం తినేశాక బెర్గియాకి తిండి ఉండదు, ఆకలితో చనిపోతాయి. ఆలోపే వాటిని పట్టి, ఇదే బాధ పడుతున్న ఇంకో హాబీయిస్ట్‌కి ఇచ్చేయండి. ఇకమీదట కొత్త కోరల్ తెస్తే డిప్ (కోరల్‌ని ముంచి తీసే మందు నీళ్లు) ఒక్కటే నమ్ముకోకండి, ఐప్టేసియా దాన్ని తట్టుకోగలదు. వీలైతే ప్లగ్ తీసేసి కోరల్ ముక్కని మాత్రమే ట్యాంక్‌లోకి దించండి.

బెర్గియా ఆర్డర్ చేసేముందు ఒక మాట. మీ ట్యాంక్‌లో సిక్స్‌లైన్ లాంటి రాస్ చేపలు గానీ, పెప్పర్‌మింట్ రొయ్యలు గానీ ఉన్నాయా? అవి వీటిని తినేసే ప్రమాదం ఉంది. ఉంటే రాయండి, వాటిని ఎలా పక్కకి తీయాలో చెప్తాను.