కోచింగ్ పెడుతున్న మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

పర్లాకిమిడి ఇంటి వసారాలో ఉద్యోగ పరీక్షలకి కోచింగ్ మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నా మేనకోడలు అని నలుగురికీ చెప్పుకున్నాను. కానీ తొంభై శాతం దాటినవాళ్ళకే సీటు అన్నావట. అప్పట్నుంచీ టెన్షన్ పట్టుకుంది.

బోర్డు, బల్లలు, ఫ్యాన్లు నేను చెప్పక్కర్లేదు. వసారా వైరింగ్ పాతది, ముందు దాన్ని మార్పించు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా అడుగుతారు కదా, తెలుగు మీడియం పిల్లలకి వారంలో ఒక పూట దానికే ఉంచు.

ఇది మాత్రం మీ నాన్న నీకు చెప్పి ఉండడు. డిగ్రీ అయ్యాక వాడూ వాడి స్నేహితులూ అదే వసారాలో బ్యాంకు పరీక్షలకి చదివేవారు. తెల్లవారుజామునే లేచి లెక్కలు చేసేవారు, ఆ కష్టానికి వంక పెట్టను. తర్వాత ఎవరికి పుట్టిన బుద్ధో, తమతో చేరాలంటే ఇంగ్లీషులో పరీక్ష రాయాలన్నారు. గుమ్మా కొండల నుంచి సవర తెగ కుర్రాడొకడు వచ్చాడు. వడ్డీ లెక్కలు కాగితం ముట్టకుండా నోటితో చెప్పేశాడు. ఇంగ్లీషు పేరా దగ్గర ఆగిపోయాడు. లెవెల్ సరిపోదని పంపేశారు. మళ్ళీ పిలవమని మీ తాతగారు చెప్పినా మీ నాన్న వినలేదు.

ఆ పిల్లాడికి చేసింది ఒకటైతే, వీళ్ళకి వీళ్ళు చేసుకున్నది ఇంకొకటి. మేం లెవెల్ ఉన్నవాళ్ళం అనుకున్నాక, తెలియదని నోరు తెరవడం నామోషీ అయిపోయింది. అర్థం కానివాడూ అయినట్టే తలూపేవాడు. మీ నాన్నకి శాతాల లెక్కలు వచ్చేవి కావు. రాత్రి అందరూ పడుకున్నాక దొంగచాటుగా పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చేవాడు, వెర్రినాగన్న! ఆ సంవత్సరం వాళ్ళలో ఒక్కడూ గట్టెక్కలేదు. ఆ సవర కుర్రాడి పేరు మొన్న అడిగితే గుర్తులేదన్నాడు. ఇన్నేళ్ళయినా నాకు కోపం దానికే.

అదే ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉంటూ సవరల దగ్గరే కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అంతకాలం పట్టుకుని కూర్చున్న మనిషి పట్టుదల తక్కువదా? అడగడానికి మాత్రం సిగ్గుపడలేదు.

నువ్వూ పరీక్షలు కఠినంగానే పెట్టు. చదవనివాణ్ణి తిట్టు. వడపోత మాత్రం గుమ్మం దగ్గర వద్దు. నెల్లాళ్ళు కూర్చోనిచ్చి, ఎవరు ఎంత ముందుకొచ్చారో అప్పుడు చూడు. క్లాసు రాత్రి పెట్టావంటే గుమ్మా, నువాగడ పిల్లలు బస్సు లేక వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. ఆడపిల్లల సంగతి సరేసరి. మొదటివారంలోనే నీకు రాని లెక్క ఒకటి బోర్డు మీద వేసి, పిల్లల్ని అడిగి చెయ్యి. నీకు కాస్త పొగరుంది తల్లీ, మన ఇంటిదేలే, అందుకే ఇంతగా చెబుతున్నా.

ఫీజు ఎంతో రాయి. ఇద్దరికి నేను కడతాను. ఎవరికన్నది నాకూ చెప్పకు, వాళ్ళకీ చెప్పకు. ఈ ఉత్తరం మీ నాన్న చదివితే చదవనీ.

మీ అత్త