టాంగ్ టెస్టర్ చెప్పిన 50 ఆంపియర్లు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

హీటర్ ప్యానెల్‌లో కేబుల్ లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొస) నల్లబడుతోందనీ, టాంగ్ టెస్టర్ (తీగను దవడలతో చుట్టి కరెంటు కొలిచే మీటరు) మాత్రం 50 ఆంపియర్లే చూపుతోందనీ రాశావు. లగ్గు మార్చే ముందు మీటరును అనుమానించు. ఈ తిప్పలు నేనూ పడ్డాను. ప్యానెల్ మీదున్న పాత మూవింగ్ ఐరన్ అమ్మీటరు ముల్లు 70 దగ్గర నిలబడితే, అది ముసలిదైపోయిందనుకుని పీకించాను. తీరా చూస్తే, నిజం చెప్పింది అదొక్కటే.

చౌకరకం టాంగ్ టెస్టర్ కరెంటు సగటును కొలిచి, దాన్ని 1.11తో హెచ్చవేసి చూపుతుంది. ఆ లెక్క నిండు సైన్ తరంగానికే సరిపోతుంది. మీ థైరిస్టర్లు (కరెంటును కోరిన క్షణంలో వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) ప్రతి అర్ధచక్రంలోనూ 90 డిగ్రీల దాకా కరెంటును ఆపి వదులుతున్నాయనుకో. పూర్తిగా వదిలితే 100 ఆంపియర్లు తీసుకునే హీటరులో అప్పుడు పారే అసలు ఆర్‌ఎంఎస్ కరెంటు (అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ) దాదాపు 70.7. సగటు మాత్రం సరిగ్గా సగానికి పడిపోతుంది కనుక ఆ మీటరు 50 అంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నువ్వు 50కి లెక్కగట్టిన లగ్గులో రెట్టింపు వేడి పుడుతోంది.

ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు తెప్పించుకో. అయితే డబ్బా మీద ఆ మాట చూసి ఊరుకోక, దాని క్రెస్ట్ ఫ్యాక్టర్ (తరంగ శిఖరం ఆర్‌ఎంఎస్‌కు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) ఎంతవరకో పుస్తకంలో చదువు. 90 డిగ్రీల దగ్గర తరంగ శిఖరం ఆర్‌ఎంఎస్‌కు 2 రెట్లుంటే, 150 డిగ్రీల దగ్గర 4 రెట్లు దాటుతుంది. అక్కడ అసలు కరెంటు 17 ఆంపియర్లే అయినా శిఖరం 70కి చేరుతుంది కనుక, 20 ఆంపియర్ల రేంజిలో శిఖరం తెగిపోయి రీడింగు తగ్గవచ్చు. పై రేంజిలోనూ ఒకసారి తీసి రెండింటినీ పోల్చు.

జంట థైరిస్టర్లలో ఒకటి పోతే కథ వేరు. కరెంటు ఒకవైపే పారుతుంది కనుక అందులో డీసీ చేరుతుంది. సీటీతో (కరెంటును తగ్గించి కొలతకిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌తో) పనిచేసే టాంగ్ టెస్టరుకు డీసీ కనబడదు సరికదా, దాని ఇనుప కోర్ సాచురేట్ అయితే (అయస్కాంతత్వం ఇక పెరగలేని స్థితికి చేరితే) ఏసీ రీడింగు కూడా పాడవుతుంది. డీసీని కూడా పసిగట్టే హాల్ సెన్సర్ ఉన్న మీటరును ముందుగా జీరో చేసి వాడు. ఏసీ, డీసీ విడివిడిగా చూపితే నేరుగా కూడకు. 45 డీసీ, 54.5 ఏసీ ఉంటే వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, అప్పుడు దాదాపు 70.7 వస్తుంది.

మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల సంగతికొస్తే, అవుట్‌పుట్ 10 హెర్ట్జ్‌లో ఉన్నప్పుడు చాలా మీటర్ల రీడింగును నమ్మలేము. వాటి కొలత హద్దు 40 హెర్ట్జ్ పైనే మొదలవుతుంది.

దవడల మధ్య ఒక్క తీగే ఉండాలని నీకు చెప్పనక్కరలేదనుకుంటాను. ప్యానెల్‌లోని సీటీ సెకండరీని మాత్రం కరెంటు పారుతుండగా ఎట్టి పరిస్థితిలోనూ విప్పకు. కొత్త రీడింగు తీశాక, ఫైరింగ్ యాంగిల్‌తో (థైరిస్టరు ఎన్ని డిగ్రీల దగ్గర కరెంటు వదులుతోందో దానితో) సహా నాకు రాయి.

మీ బాబాయి