బ్రిక్స్‌లోనూ ఉన్నాం, క్వాడ్‌లోనూ ఉన్నాం, ఇంతకీ మనం ఎవరి పక్షం?

తమ్ముడూ, గ్రూప్స్ పరీక్షకి దేశాల కూటముల పేర్లు ఎంత బట్టీ కొట్టినా ఎవరు ఎవరి వైపో తలకెక్కడం లేదన్నావు కదా. అసలు పక్షాలు వెతకడం మానేయ్, తికమకంతా అక్కడే. ఒక సరుకు పట్టుకుని దాని వెంట పో. నేనైతే ముడిచమురు పట్టుకున్నా. 2022కు ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా చాలా తక్కువ. ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్ కొనడం తగ్గించింది, రష్యా డిస్కౌంట్ ఇచ్చింది, మనం కొన్నాం, ఆ వాటా కొన్ని నెలల్లో మూడో వంతు కూడా దాటింది. దానికే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై అదనంగా 25 శాతం వేసి సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మరి అదే అమెరికాతో, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్ కూటమిలో ఎందుకున్నామంటే, చైనా. 2020లో గల్వాన్ లోయలో మన సైనికులకీ చైనా సైనికులకీ జరిగిన ఘర్షణ గుర్తుందిగా? ఆ చైనా మళ్లీ, రష్యా, బ్రెజిల్ లాంటి దేశాలున్న బ్రిక్స్ కూటమిలో మన పక్క కుర్చీలోనే!

ఇదంతా ఎక్కడో దూరం విషయం అనుకోకు. మన కడప వైపు మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయిని (బెరైటీస్) పొడి కొట్టి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలుపుతారు.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసుకో: సరుకు, అమ్మేవాడు, కొనేవాడు, అడ్డుపడేవాడు. రోజుకో వార్త అందులో నింపు. నెల తర్వాత ఇక్కడే ఒక ఫొటో పెట్టు, చూస్తా.